స్నేహితుడి చేతికి షెరీఫ్ బ్యాడ్జి

అమెరికాలో పైసా జీతం తీసుకోకుండా పోలీసు విధులు చేసే ‘రిజర్వ్ డిప్యూటీ’లు ఉంటారు. వాళ్లను ఎవరు నియమించాలో, ఎన్ని గంటల శిక్షణ ఇవ్వాలో, ఎవరి పర్యవేక్షణలో పనిచేయించాలో చెప్పే నిబంధనలూ ఉన్నాయి. అవన్నీ ఉండగానే టల్సా నగరంలో పట్టపగలు ఒక ప్రాణం పోయింది. ఆ యథార్థ గాథ ఇది.

2015 ఏప్రిల్ 2, గురువారం. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరం, ఉత్తర ప్రాంతం. డాలర్ జనరల్ దుకాణం ముందు కార్లు నిలిపే స్థలంలో ఒక బేరం నడుస్తోంది. అమ్మేవాడు ఎరిక్ హ్యారిస్, 44 ఏళ్ల నల్లజాతీయుడు. అంతకుముందు జైలుకు వెళ్లొచ్చినవాడు. అమ్ముతున్నది ఒక పిస్టల్. కొంటున్నవాడు మామూలు బట్టల్లో వచ్చిన డిప్యూటీ అని హ్యారిస్‌కు తెలియదు. అది టల్సా కౌంటీ షెరీఫ్ ఆఫీసు పన్నిన వల.

పిస్టల్ చేతులు మారింది. దూరంగా కాచుకుని ఉన్న డిప్యూటీల బండ్లు ఒక్కసారిగా దూసుకొచ్చాయి. హ్యారిస్‌కు విషయం అర్థమైంది. బండి దిగి పరుగు లంకించుకున్నాడు. వెంటపడిన డిప్యూటీల్లో ఒకరి కళ్లద్దాల్లో చిన్న కెమెరా ఉంది. ఆ తర్వాతి క్షణాలన్నీ అందులో రికార్డయ్యాయి. కొద్ది దూరంలోనే హ్యారిస్‌ను అందుకుని రోడ్డు మీద పడేశారు. మీద పడి అదిమి పట్టుకున్నారు. అతని చేతిలో ఆయుధం లేదు.

అప్పుడు వచ్చాడు ఒక పెద్దాయన. వయసు 73. అవసరమైతే సాయం రావడానికని కాస్త దూరంలో ఉంచిన బండిలోంచి దిగి వచ్చాడు.

“టేజర్! టేజర్!” అని ఆయన గొంతు వినిపిస్తుంది. కరెంటు షాకిచ్చి మనిషిని కదలకుండా చేసే సాధనం టేజర్. అది ప్రయోగిస్తున్నాననే హెచ్చరిక అది. కానీ మరుక్షణం వినిపించింది తుపాకీ చప్పుడు. రివాల్వర్ ఆయన చేతిలోంచి రోడ్డు మీద పడింది.

“అయ్యో, కాల్చేశాను. సారీ.”

“నన్ను కాల్చేశాడు... నాకు ఊపిరాడటం లేదు” అని నేల మీదున్న హ్యారిస్ అరిచాడు. అతన్ని పట్టుకున్న డిప్యూటీల్లో ఒకడు, నీ ఊపిరి ఎవడిక్కావాలి అన్నట్టుగా ఒక బూతుమాట విసిరాడు. హ్యారిస్ ఆసుపత్రిలో చనిపోయాడు.

రివాల్వర్ పేల్చిన పెద్దాయన పేరు రాబర్ట్ బేట్స్. వృత్తి రీత్యా బీమా వ్యాపారి, సంపన్నుడు. షెరీఫ్ ఆఫీసు జీతాల పట్టికలో ఆయన పేరు లేదు. ఆయన స్వచ్ఛంద సేవకుడు.

బ్యాడ్జి ఎలా వస్తుంది?

మద్రాసులో ఒకప్పుడు నగర ప్రముఖులకు ఇచ్చిన షెరీఫ్ పదవి గౌరవం కోసం మాత్రమే. అమెరికా షెరీఫ్ అలాంటివాడు కాదు. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా లాంటిది. ఆ కౌంటీ జైలు, వారెంట్లు, గస్తీ, అరెస్టులు షెరీఫ్ చేతిలో ఉంటాయి. మన ఎస్పీని ప్రభుత్వం నియమిస్తుంది, బదిలీ చేస్తుంది. షెరీఫ్‌ను చాలా రాష్ట్రాల్లో ప్రజలే ఓటేసి ఎన్నుకుంటారు. తన కింద పనిచేసే డిప్యూటీలను ఆయనే నియమించుకుంటాడు. డిప్యూటీ వాడేది షెరీఫ్ అధికారాన్నే.

దొంగల్ని తరమడానికి ఊళ్లోని మగవాళ్లను పిలిచి వెంట తీసుకెళ్లే హక్కు షెరీఫ్‌కు ఇంగ్లండ్‌లో పాతకాలం నుంచీ ఉంది. ఆ సంప్రదాయం అమెరికాకు వలసవచ్చిన వాళ్లతోపాటే వచ్చింది. నేటి రిజర్వ్ డిప్యూటీకి మూలం అదే. అయితే గుర్రాల కాలం పోయింది. ఇప్పుడు జీతం లేని డిప్యూటీని నియమించాలంటే రాష్ట్ర చట్టం గీసిన గీతలు చాలా ఉన్నాయి.

టెక్సస్‌నే తీసుకోండి. అక్కడ షెరీఫ్ తనంతట తానే రిజర్వ్ డిప్యూటీలను పెట్టుకోలేడు. కౌంటీ పాలకమండలి అయిన కమిషనర్స్ కోర్టు అనుమతించాలి. ఎంతమందిని తీసుకోవచ్చో పరిమితి పెట్టే అధికారం కూడా దానికే ఉంది. నియమితుడైనవాడు విధుల్లోకి దిగే ముందు ప్రమాణపత్రం దాఖలు చేయాలి. షెరీఫ్ పేర 2,000 డాలర్ల జామీను పత్రం రాసివ్వాలి. జీతం తీసుకోకపోయినా తప్పు చేస్తే జవాబుదారీ అని ఆ కాగితాల అర్థం.

కాలిఫోర్నియా మరో దారి పట్టింది. రిజర్వ్ అధికారులను మూడు స్థాయిలుగా విడగొట్టింది. మూడో స్థాయి వాళ్లకు పరిమితమైన పనులే అప్పగిస్తారు. రెండో స్థాయి వాళ్లు పూర్తి శిక్షణ పొందిన అధికారి పక్కన ఉండి పనిచేయాలి. ఒకటో స్థాయి వాళ్లే ఒంటరిగా గస్తీ తిరగగలరు. స్థాయి పెరిగేకొద్దీ శిక్షణ పెరుగుతుంది.

ఓక్లహోమా చట్టమూ షెరీఫ్‌కు రిజర్వ్ డిప్యూటీలను నియమించుకునే వీలు కల్పిస్తూనే, పోలీసు శిక్షణను చూసే రాష్ట్ర మండలి నిర్దేశించిన కోర్సు పూర్తి చేయాలంటుంది. టల్సా షెరీఫ్ ఆఫీసు దాని మీద తన సొంత నిబంధనలు కూడా రాసుకుంది. అక్కడా మూడు మెట్లు. పై మెట్టుకు ఎక్కాలంటే అనుభవమున్న డిప్యూటీ వెంట 480 గంటలు క్షేత్రశిక్షణ పొందాలి. ప్రతి దశలోనూ శిక్షకుడు మార్కులు వేయాలి, సంతకం చేయాలి.

కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? సంఘటన జరిగేనాటికి టల్సా కౌంటీలో బేట్స్ లాంటి రిజర్వ్ డిప్యూటీలు 130 మంది ఉన్నారని షెరీఫ్ ఆఫీసు చెప్పింది.

షెరీఫ్, ఆయన స్నేహితుడు

షెరీఫ్ పేరు స్టాన్లీ గ్లాంజ్. 1988లో మొదటిసారి ఎన్నికయ్యాడు. అప్పటి నుంచి టల్సాలో ఆయన మాటే మాట. బేట్స్ ఆయనకు చిరకాల మిత్రుడు. ఇద్దరూ కలిసి విహారయాత్రలకు వెళ్లారు. 2012లో గ్లాంజ్ మళ్లీ పోటీ చేసినప్పుడు ప్రచార కమిటీకి బేట్సే అధ్యక్షుడు, 2,500 డాలర్ల విరాళమూ ఇచ్చాడు. షెరీఫ్ ఆఫీసుకు వాహనాలు, తుపాకులు, షాకిచ్చే సాధనాలు కొనిచ్చాడు. గతంలో పోలీసు అనుభవం ఉందా అంటే ఉంది. 1964-65లో ఒక ఏడాది టల్సా నగర పోలీసుగా పనిచేశాడు. అది యాభై ఏళ్ల కిందటి మాట.

వీడియోను ఏప్రిల్ 10న విడుదల చేశారు. దేశమంతా చూసింది. షెరీఫ్ ఆఫీసు రప్పించిన నిపుణుడు అది నేరం కాదన్నాడు. ఒత్తిడిలో చేయి అలవాటైన పని చేసేస్తుందని, టేజర్ అనుకుంటూ తుపాకీ తీయడం అలాంటి పొరపాటేనని వివరించాడు. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 13న, జిల్లా అటార్నీ స్టీవ్ కున్జ్‌వైలర్ బేట్స్ మీద సెకండ్ డిగ్రీ మాన్‌స్లాటర్ అభియోగం మోపాడు. తీవ్రమైన నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం దాని సారాంశం.

నాలుగు రోజులకు బేట్స్ జాతీయ టీవీ కార్యక్రమంలో కూర్చుని, టేజర్ తన ఛాతీ మీద, రివాల్వర్ నడుము పక్కన ఉంటాయని చూపించాడు. రెంటికీ ఎర్రని లేజర్ వెలుగు ఉంటుందని, ఆ వెలుగు చూసి మీట నొక్కానని చెప్పాడు. కావాలని చేసింది కాదని క్షమాపణ కోరాడు. విచారణకు ముందే కుటుంబంతో బహామాస్ విహారయాత్రకు వెళ్తానంటే కోర్టు అడ్డు చెప్పలేదు. హ్యారిస్ కుటుంబానికి అది పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆ రోజుల్లోనే మరో ప్రశ్న పైకి లేచింది. ఇంతకీ ఈయన శిక్షణ పూర్తి చేశాడా? కాగితాలేవి?

షెరీఫ్ రేడియోలో మాట్లాడుతూ, బేట్స్ మూడు తుపాకులతో అర్హత పరీక్ష నెగ్గాడని, అయితే పరీక్ష పెట్టిన శిక్షకురాలు సీక్రెట్ సర్వీస్‌లో చేరిపోయిందని, ఆ రికార్డులు దొరకడం లేదని చెప్పాడు. టల్సా వరల్డ్ దినపత్రిక మరింత తీవ్రమైన కథనం రాసింది. చేయని శిక్షణను చేసినట్టు రాయమని సూపర్‌వైజర్లకు ఆదేశాలు వెళ్లాయని, కాదన్నవాళ్లను బదిలీ చేశారని. షెరీఫ్ ఆఫీసు ఖండించింది.

2009 నాటి కాగితం

ఏప్రిల్ 24న హ్యారిస్ కుటుంబం తరఫు న్యాయవాదులు ఒక పాత పత్రాన్ని బయటపెట్టారు. 2009లో షెరీఫ్ ఆఫీసే జరిపించుకున్న అంతర్గత విచారణ నివేదిక అది. రెండు ప్రశ్నలు వేసుకుని దర్యాప్తు చేశారు. క్షేత్రశిక్షణలో బేట్స్‌ను మిగతావాళ్లకంటే భిన్నంగా చూశారా? ఆయన కోసం నిబంధనలు పక్కనపెట్టమని ఉద్యోగుల మీద ఒత్తిడి వచ్చిందా? రెంటికీ ఔననే జవాబు వచ్చింది.

అంటే హ్యారిస్ చనిపోవడానికి ఆరేళ్ల ముందే ఆ ఆఫీసుకు అంతా తెలుసు. బేట్స్ సామర్థ్యాన్ని కింది ఉద్యోగులు అనుమానించారు, ఆ అనుమానం కాగితం మీదికి వచ్చింది, పై అధికారుల దాకా వెళ్లింది. ఆ తర్వాత కూడా బేట్స్ బ్యాడ్జి పెట్టుకునే ఉన్నాడు. తన సొంత రివాల్వర్ నడుముకు కట్టుకుని, ఆయుధాలమ్మేవాళ్లను పట్టుకునే బృందంతో వెళ్తూనే ఉన్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. టేజర్ అనుకుని తుపాకీ పేల్చిన ఘటనలు అమెరికాలో ఇంకా ఉన్నాయి. 2009 జనవరి 1న ఓక్లాండ్ రైల్వేస్టేషన్‌లో ఆస్కార్ గ్రాంట్‌ను కాల్చిన రైల్వే పోలీసు అదే చెప్పుకున్నాడు. 2021 ఏప్రిల్‌లో మినెసోటాలో డాంటే రైట్‌ను కాల్చిన కిమ్ పాటర్‌కు 26 ఏళ్ల అనుభవం ఉంది. ఇద్దరూ జీతం తీసుకునే పూర్తిస్థాయి అధికారులే. కాబట్టి శిక్షణ ఉన్నవాళ్లు తప్పు చేయరని ఎవరూ అనరు. అనుభవం ఉన్న చేతికే ఆ ప్రమాదం తప్పనప్పుడు, శిక్షణ అనుమానాస్పదంగా ఉన్న 73 ఏళ్ల మనిషిని పెనుగులాట జరిగే చోటికి తీసుకెళ్లడం ఇంకెంత ఘోరం! వేలు మీట నొక్కింది ఒక్క క్షణంలో. ఆ వేలికి అక్కడ చోటిచ్చిన నిర్ణయం ఏళ్ల తరబడి నడిచింది.

మిగతా స్వచ్ఛంద సేవలకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. జీతం తీసుకునే ఉద్యోగి ఆఫీసు మాట వినాలి. ఉద్యోగం పోతుందన్న భయం ఉంటుంది. బేట్స్‌కు ఆ భయం లేదు. పైగా కార్లు, తుపాకులు ఇచ్చిన ఆయనకు ఆఫీసే రుణపడి ఉంది. షెరీఫ్ స్నేహితుడికి, షెరీఫ్‌ను గెలిపించిన మనిషికి, ఒక సార్జెంట్ “అయ్యా, మీరు పాసవలేదు” అని రాసి సంతకం పెట్టగలడా? పర్యవేక్షించాల్సినవాడు చేతులు కట్టుకు నిలబడాల్సి వచ్చిన చోట 480 గంటల నిబంధన ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఐదు వేల సంతకాలు

2009 పత్రం బయటికొచ్చిన మూడు రోజులకే షెరీఫ్ తర్వాతి స్థానంలో ఉన్న అండర్‌షెరీఫ్ టిమ్ ఆల్బిన్ రాజీనామా చేశాడు. గ్లాంజ్ మాత్రం కదల్లేదు. ఎన్నికైన అధికారిని ఎవరు కదిలించాలి?

ఓక్లహోమా రాజ్యాంగం ఆ పని ప్రజలకే అప్పగించింది. కౌంటీ ఓటర్లు తగినన్ని సంతకాలు పోగుచేస్తే, సాక్ష్యాలు విని నేరారోపణ చేయాలా వద్దా తేల్చే పౌరుల బృందాన్ని, అంటే గ్రాండ్ జ్యూరీని, కూర్చోబెట్టవచ్చు. అవసరమైన గరిష్ఠ సంఖ్య 5,000. వీ ద పీపుల్ ఓక్లహోమా అనే పౌరసంస్థ కార్యకర్తలు సంతకాల కాగితాలు పట్టుకుని ఊరంతా తిరిగారు. 5,000 దాటించారు. గ్లాంజ్ రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఆపాలని చూశాడు. ఆగలేదు. 2015 జులైలో గ్రాండ్ జ్యూరీ కొలువుదీరింది.

సాక్షులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. సెప్టెంబరు 30న గ్రాండ్ జ్యూరీ షెరీఫ్ మీద రెండు నేరారోపణలు చేసింది. అందులో ఒకటి 2009 నివేదికను అడిగినవాళ్లకు ఇవ్వకుండా దాచినందుకు. రెండోది వాహన భత్యానికి సంబంధించినది. పదవి నుంచి తొలగించాలని కూడా చెప్పింది. నవంబరు 1తో గ్లాంజ్ దిగిపోయాడు. పావు శతాబ్దానికి పైగా సాగిన పాలన అలా ముగిసింది. మరుసటి ఏడాది కోర్టులో ఒక నేరం ఒప్పుకున్నాడు, రెండోదాని మీద పోరాడనన్నాడు. ఏడాది శిక్ష పడింది, దాని అమలును కోర్టు నిలిపివేసింది.

బేట్స్ విచారణ 2016 ఏప్రిల్‌లో జరిగింది. హ్యారిస్ గుండెజబ్బు వల్ల, ఒంట్లో ఉన్న మత్తుమందు వల్ల చనిపోయాడని రక్షణ న్యాయవాదులు వాదించారు. జ్యూరీ మూడు గంటలు కూడా తీసుకోలేదు. ఏప్రిల్ 27న దోషి అని తేల్చి, ఆ నేరానికి చట్టం అనుమతించిన గరిష్ఠ శిక్ష నాలుగేళ్లు సిఫార్సు చేసింది. మే 31న న్యాయమూర్తి అదే ఖరారు చేశాడు. బేట్స్ 2017 అక్టోబరులో విడుదలయ్యాడు. 2018లో హ్యారిస్ కుటుంబానికి 60 లక్షల డాలర్లు ఇవ్వడానికి కౌంటీ ఒప్పుకుంది. షెరీఫ్ స్నేహానికి మూల్యం కట్టింది కౌంటీ ఖజానా.

ఇదే ఊరు, 1921లో

టల్సా నల్లజాతివారు ఆ వీడియో చూసి ఉలిక్కిపడటానికి ఇంకా లోతైన కారణం ఉంది. 1921 మే 31 రాత్రి, జూన్ 1న ఇదే నగరంలో గ్రీన్‌వుడ్ అనే నల్లవారి పేటను తెల్లవారి మూకలు తగలబెట్టాయి. 35 వీధి ఖండాలు బూడిదయ్యాయి. 100 నుంచి 300 మంది చనిపోయి ఉంటారని అంచనా. ఆ రాత్రి టల్సా పోలీసులు వందలాది తెల్లవారిని అప్పటికప్పుడు ప్రత్యేక డిప్యూటీలుగా చేర్చుకున్నారు. ఆయుధాలు అందాయి. అలా అధికారం పొందినవాళ్లలో కొందరు దహనకాండలో స్వయంగా పాల్గొన్నారని, రాష్ట్రం నియమించిన కమిషన్ 2001లో ఇచ్చిన నివేదిక తేల్చింది. ఎవరికి పడితే వాళ్లకు బ్యాడ్జి ఇస్తే ఏమవుతుందో ఆ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మన అడవుల్లోనూ

ఇది అమెరికా గొడవ అనుకుని పక్కన పెట్టేయలేం. మన 1861 పోలీసు చట్టంలోని 17వ సెక్షన్ సామాన్యుల్ని ‘స్పెషల్ పోలీస్ ఆఫీసర్లు’గా నియమించవచ్చంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం రోజుల్లో వేలాది ఆదివాసీ యువకులను అలాగే తీసుకుని, నెలకు 3,000 రూపాయల గౌరవవేతనం ఇచ్చి, మావోయిస్టుల మీదికి పంపారు. ఆ హింస తట్టుకోలేక పారిపోయి వచ్చిన కోయ కుటుంబాలు ఖమ్మం, గోదావరి అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. భద్రాచలం ప్రాంతంలో వాళ్లను ఇప్పటికీ చూస్తాం.

ఆ నియామకాలను సవాలు చేసిన కేసులో 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ధర్మాసనంలో ఒకరు మన రంగారెడ్డి జిల్లాకు చెందిన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, మరొకరు జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్. అయిదో తరగతి చదివితే చాలన్నట్టు ఎంపిక చేసి, రెండు నెలల శిక్షణతో తుపాకీ ఇవ్వడం ఆ యువకుల సమానత్వ హక్కుకూ, జీవించే హక్కుకూ విరుద్ధమని ధర్మాసనం తేల్చింది. తుపాకులు వెనక్కి తీసుకోమంది. ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి వాళ్లను సహాయక సాయుధ దళంలో కలుపుకుందన్నది వేరే కథ.

టల్సాలో బ్యాడ్జి ధనవంతుడికి దక్కింది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో పేద పిల్లవాడి మెడకు తగిలించారు. పైకి పూర్తిగా భిన్నం. లోపల మాత్రం ఒకటే. సర్కారు తుపాకీని పూర్తి తర్ఫీదు లేని చేతిలో పెట్టి, అడ్డు చెప్పగలిగే వ్యవస్థను పక్కకు నెట్టారు.

జీతం లేదు, బాధ్యత ఉంది

స్వచ్ఛందంగా సేవ చేసేవాళ్లందరినీ అనుమానించమని ఈ కథ చెప్పదు. వరదల్లో గాలింపు, తప్పిపోయిన పిల్లల వెతుకులాట, జాతర్లలో రద్దీ, వీటిలో అమెరికా రిజర్వ్ డిప్యూటీలు, మన హోంగార్డులు చేసే పని వెలకట్టలేనిది. చిన్న కౌంటీలకు వాళ్లు లేకపోతే రోజు గడవదు. వాళ్ల గౌరవం నిలవాలంటేనే నియామకపు నిబంధన గట్టిగా ఉండాలి.

ఆ గట్టిదనం గంటల లెక్కలో ఉండదని టల్సా నేర్పింది. శిక్షణ రికార్డు షెరీఫ్ బీరువాలో కాకుండా రాష్ట్ర మండలి దగ్గర ఉండాలి. ఎవరు అడిగినా చూపించాలి. ఆఫీసుకు విరాళాలు ఇచ్చినవాళ్లను, ఎన్నికల్లో పనిచేసినవాళ్లను సాయుధ విధుల్లోకి తీసుకోకూడదు. “పాసవలేదు” అని రాసిన శిక్షకుడిని బదిలీ నుంచి కాపాడే చట్టం ఉండాలి. సంఖ్యను నిర్ణయించే అధికారం, టెక్సస్‌లో మాదిరిగా, షెరీఫ్‌కు బయట ఉన్న మండలికి ఉండాలి.

2009లో ఆ నివేదిక రాసినవాళ్లు తమ పని తాము చేశారు. అందులోని నిజాన్ని అందుకుని “ఇక చాలు, బ్యాడ్జి తిరిగివ్వు” అనాల్సిన మనిషి బేట్స్ మిత్రుడు కావడమే ఎరిక్ హ్యారిస్ పాలిట మృత్యువైంది. నియామకపత్రం మీద సంతకం చేసే అధికారి, దాన్ని రద్దు చేయగల అధికారి ఒకరే అయినంత కాలం, ఏ కౌంటీలోనైనా, ఏ జిల్లాలోనైనా ఇది మళ్లీ జరుగుతుంది.